మా అమ్మా, చంద్రుడి బొందలూ

మా అమ్మకు చాలాకాలంగా ఒకటే కోరిక. నా ఉద్యోగం ఏమిటో నలుగురిలో ఒక్క మాటలో చెప్పుకోవాలి. బంగారం అడగలేదు, యెరూషలేం యాత్ర అడగలేదు. ఆదివారం ఆరాధన అయిపోయి, చర్చి మెట్ల దగ్గర అందరం చెప్పులు వెతుక్కునేటప్పుడు మా మేనత్త తప్పకుండా అడుగుతుంది: "ఇంతకు నీ బిడ్డ ఏం పనిజేస్తదే?" ఆ ప్రశ్నకు అమ్మ టక్కున జవాబు చెప్పి, చెప్పులేసుకుని, తలెత్తుకుని నడిచి పోవాలి. అదీ ఆమె కోరిక.

మేనత్త అంటే మా నాయినకు అక్క. ఉండేది చిల్కానగర్‌లో. అక్కడ చర్చిలు లేక కాదు, ఆదివారం మాత్రం పట్టుబట్టి నాచారంలో మా చర్చికే వస్తుంది. ఇక్కడ పాటలు బాగుంటాయని పైకి చెబుతుంది. మా అమ్మను ఒకసారి కదిలించి పోకపోతే ఆమెకు వారం గడవదని నా అనుమానం. ఆమె కొడుకు బ్యాంకులో పని చేస్తాడు, కోడలు నర్సు. ఈ రెండు సంగతులూ మా చర్చిలో గోడలకు కూడా తెలుసు.

"బ్యాంకు. నర్సు. సూడు, ఎంత సక్కగున్నయో," అని ఇంటికి వచ్చాక అమ్మ వాపోయేది. "నోట్లె ఏసుకుంటే కరిగిపోతయి. నీదేందే, ఎంత నమిలినా మింగుడు వడది."

నా ఉద్యోగం నిజంగానే నమలాల్సిన రకం. హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో ప్రాజెక్టు మీద పని చేస్తాను. పొద్దున్నే నాచారంలో షేర్ ఆటో ఎక్కి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద దిగి, లోపలికి పోయి కంప్యూటర్ ముందు కూర్చుంటాను. చంద్రుడి చుట్టూ తిరిగే నౌకలు పంపిన ఫోటోలు తెరుస్తాను. అందులో గుండ్రటి పల్లాలు కనపడతాయి. ఒక్కోదాని చుట్టూ గీత గీసి, వెడల్పు కొలిచి, ఇంకోదానికి పోతాను. సాయంత్రం దాకా అదే పని. ఆ పల్లాలన్నీ ఆకాశంలోంచి రాళ్ళు వచ్చి గుద్దుకుంటే అయినవి. వాన మొదలైన కొత్తలో వాకిట్లో చుక్కలు తక్కువుంటాయి, సేపు గడిచిన కొద్దీ ఎక్కువవుతాయి. ఇదీ అంతే. ఎక్కువ పల్లాలుంటే అది పాత నేల, తక్కువుంటే కొత్త నేల. మనిషి వయసు అడిగితే అబద్ధం చెప్పవచ్చు, నేల అట్లా చెప్పలేదు. ఇంత మంచి ఉద్యోగం నాకు ఎట్లా దొరికిందా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

కానీ దీన్ని ఒక్క మాటలో చెప్పాలంటే ఆ పల్లానికి ఒక పేరుండాలి కదా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంగ్లీషు మాటే చెప్పాను. క్రేటర్లు లెక్కబెడతానమ్మా అన్నాను. తరువాతి ఆదివారం అమ్మ మెట్ల దగ్గర చాలా ధీమాగా, "నా బిడ్డ క్వార్టర్లు లెక్కవెడ్తది," అని ప్రకటించింది. మా ఊళ్ళో క్వార్టర్ అంటే ఏమిటో చిన్న పిల్లలకు కూడా తెలుసు. మేనత్త నోరు తెరిచింది. పాస్టరమ్మ నన్ను పక్కకు తీసుకుపోయి, వైన్ షాపు ఉద్యోగం తప్ప ఇంకేదీ దొరకలేదా తల్లీ, ప్రార్థన చేద్దాం అంది. నేను ఆ రోజు ఎంత నవ్వానో అంత మండిపడ్డాను కూడా.

సరే, తెలుగులో చెబుదామనుకున్నాను. పుస్తకాల తెలుగులో దీన్ని బిలం అంటారు. ఉల్క పడితే ఉల్కాబిలం. నాకు ఆ మాట మొదటినుంచీ నచ్చదు. బిలం అంటే పాము దూరే కంత అనిపిస్తుంది తప్ప, కొండంత రాయి వచ్చి గుద్దితే ఏర్పడిన పెద్ద పళ్ళెం లాంటి పల్లం కళ్ళకు కట్టదు. అయినా అమ్మ కోసం నేర్పించాను. ఉల్కాబిలం, ఉల్కాబిలం అని అమ్మ ఇల్లు ఊడుస్తూ, బియ్యం ఏరుతూ బట్టీ పట్టింది. మోకాళ్ళు పోయి మానేసే దాకా ఆమె నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పని చేసింది. మేము ఇంట్లో మందులను గోలీలు అంటాం. ఆమె సూపర్‌వైజర్ రాజమండ్రి వైపు మనిషి, ఆయన బిళ్ళలు అనేవాడు. అందువల్ల అమ్మకు బిళ్ళ అంటే పెద్దవాళ్ళ భాష, ఆఫీసు భాష.

ఇక చెప్పేదేముంది. ఆదివారం నాటికి నా ఉల్కాబిలాలు ఉల్కబిళ్ళలయ్యాయి. హబ్సిగూడలో పెద్ద ఆఫీసులో నా బిడ్డ ఉల్కబిళ్ళల మీద పరిశోధన చేస్తున్నదని అమ్మ చెప్పింది. ఈసారి ఎవ్వరూ నోరు తెరవలేదు. అందరికీ ఒక్క దెబ్బకు అర్థమైపోయింది. మా అమ్మ గొంతులో ఆ గర్వం నేను జన్మలో మరిచిపోను.

ఆ వారమంతా మా ఇంటికి జనం. మోకాళ్ళ నొప్పులకు పని చేస్తదా అని ఒకామె. షుగర్ ఉన్నవాళ్ళు వేసుకోవచ్చా అని ఇంకొకాయన. మేనత్త అయితే చిల్కానగర్ నుంచి ఆటో కట్టించుకుని వచ్చి, మంచినీళ్ళు తాగి, నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"కోడలా, ఇంట్లోళ్ళకు ముందుగాల ఇయ్యవా ఏంది? నాకు గ్యాస్ మస్తున్నది. రెండు ఉల్కబిళ్ళలు తెచ్చిపెట్టు."

"అత్తా, అది గోలి కాదు. సంద్రుని మీద రాళ్ళు వడి అయిన..." అని చెప్పబోయాను.

"తెల్వదనుకున్నవా? ఉల్క నెత్తిల కొట్టినట్టు పన్జేస్తదన్నట్టు. గంత పవరుంటే సగం గోలి సాలు తియ్."

చివరికి అది మందు కాదని తేలాక అందరికన్నా ఎక్కువ నష్టపోయింది అమ్మ. గ్యాస్ తగ్గని మేనత్త ప్రతి ఆదివారం మునుపటికన్నా రెట్టింపు శ్రద్ధతో ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టింది. నడుమ ఒకసారి గుంతలు అని చెప్పి చూశాను. ఉప్పల్ రింగ్ రోడ్డు మీద ఏళ్ళ తరబడి తవ్వకాలు చూస్తున్నవాళ్ళకు గుంత అనగానే ఇంకేం తోస్తుంది? మా గల్లీ చివర గుంత పూడ్పించమని నాకు అర్జీలు మొదలయ్యాయి. ఆ మాటనూ వదిలేశాను.

నిజానికి నాకు కావలసిన మాట ఎక్కడో లేదు, మా ఇంట్లోనే ఉంది. బొంద. మా వైపు నేలలో గుండ్రంగా లోతుగా ఉన్న దేన్నయినా బొంద అంటాం. చెట్టు పెట్టడానికి తవ్వేది బొంద. మనిషిని పెట్టడానికి తవ్వేదీ బొందే. స్మశానాన్ని బొందలగడ్డ అంటాం. ఇక "నీ బొంద" అనేది తిట్టు. మాటకు మాట తీసి చూస్తే అది భయంకరమైన శాపం, నిన్ను పెట్టే గొయ్యి అని. వాడుకలో మాత్రం అందులో సగం విసుగు, సగం ముద్దు. నీకేం తెలుసు, ఊరుకో, పిచ్చిదానా, ఇవన్నీ కలిపి ఒక్క ముక్కలో చెప్పాలంటే నీ బొంద అంటే సరిపోతుంది.

ఈ తిట్టులో మా అమ్మను మించినవాళ్ళు నాచారంలో లేరు. పాలు పొంగితే పాలను నీ బొంద అనేది. టీవీలో వాన పడదని చెబితే వాతావరణం చెప్పే మనిషిని నీ బొంద అనేది. అన్నిటికన్నా ఎక్కువ పడేది మా నాయినకు. ఆయన ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మిషన్ మీద పని చేసేవాడు. సాయంత్రం ఇనుప రజను అంటుకున్న అంగీతో వచ్చి, ఆ అంగీతోనే మంచం మీద కూర్చునేవాడు. "నీ బొంద, లెవ్వు ఆడికెల్లి," అని అమ్మ అరిచేది. ఆయన లేచేవాడు కాదు. "నా బొంద, నీ బొంద పక్కపక్కనే తవ్విపిస్త తియ్. ఆడ గూడ తిట్టుకుంట పడుకుందువు," అని నవ్వేవాడు. అమ్మకు నవ్వాగేది కాదు. రోజూ అదే తిట్టు, అదే జవాబు, అదే నవ్వు. వాళ్ళిద్దరికీ అది విసుగనిపించకపోవడం చూసి నాకే విసుగనిపించేది.

కొన్నేళ్ళ కిందట నాయిన గుండెపోటుతో పోయాడు. ఆ రోజు నుంచి అమ్మ నోట ఆ మాట రాలేదు. తిట్టడం మానలేదు సుమా. సోయిలేనిదానా, దరిద్రమా, ఆకారం పెరిగింది గానీ అకల్ లేదు, ఇవన్నీ చక్కగా సాగుతూనే ఉన్నాయి. ఆ ఒక్కటే పోయింది. పాలు పొంగితే గబగబా స్టవ్ ఆపి, నోట్లో ఏదో మింగి, గుడ్డ తెచ్చి తుడిచేది. నేనూ ఆ మాట ఇంట్లో ఎత్తేదాన్ని కాదు. బొంద అంటే ఇప్పుడు ఒక్కటే బొంద, చర్చి వెనక బొందలగడ్డలో వేపచెట్టుకు కుడి పక్కన ఉన్నది. దాని పక్కన ఖాళీ కూడా ఉంది. నిజం చెప్పాలంటే ఆ తిట్టు కోసం నేను మొహం వాచి ఉన్నాను. నన్ను ఎవరైనా అట్లా తిట్టి ఎంతకాలమైందో అని ఆఫీసులో గీతలు గీస్తూ గీస్తూ ఆగిపోయేదాన్ని.

ఈ సంవత్సరం ఈస్టరుకు ముందు వచ్చే లెంటు ఉపవాస రోజుల్లో ఒక సాయంత్రం అమ్మ జొన్నరొట్టెలకు పిండి జల్లించి పెద్ద పళ్ళెంలో పోసుకుంది. చదునుగా, తెల్లగా, ముట్టుకోవాలనిపించేటట్టుంది. నాకు చెయ్యి దురద పెట్టింది. చింతగింజ ఒకటి తీసి, పైనుంచి బలంగా అందులోకి కొట్టాను. ఠప్పున గుండ్రటి పల్లం పడింది. చుట్టూ అంచు లేచింది. పిండి నాలుగు వైపులా చిమ్మి నేల మీద గీతలు గీతలుగా పడింది.

"సూడమ్మా, సూడు! నా ఉద్యోగం గిదే. గింజను రాయి అనుకో, పిండిని సంద్రుడు అనుకో."

అమ్మ పళ్ళెం వైపు చూసింది. నేల వైపు చూసింది. చీర మీద పడిన పిండి చూసింది. నోరు తెరిచింది. ఆమె "నీ" అనడం నేను చెవులారా విన్నాను, ఆ వెంటనే పెదవులు కలవడం కూడా చూశాను. ఆమె ఆగింది. "నీకు పిండి అగ్గువ దొరికిందా?" అని చీర దులుపుకుంది. ఆ తిట్టు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయింది. నాకు ఆ రాత్రి రొట్టె రుచించలేదు.

ఈస్టరుకు వారం ముందు మట్టల ఆదివారం వచ్చింది. పొద్దున పిల్లలు ఈతమట్టలు పట్టుకుని పాడుకుంటూ గల్లీలన్నీ తిరిగారు. మెట్ల దగ్గర మేనత్త మామూలుగానే, "నీ బిడ్డది ఇంక తెల్వలేదా?" అంది. అమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చేసింది. ఆ మొహం చూసి నాకు పట్టుదల పెరిగింది. ఆఫీసులో తోటి మనిషి దగ్గర బైనాక్యులర్ ముందే అడిగి తెచ్చుకున్నాను. చీకటి పడగానే అమ్మను చెయ్యి పట్టుకుని డాబా మీదికి ఎక్కించాను. మోకాళ్ళ మీద ఒట్టు, ఇదే ఆఖరుసారి అంటూ ఎక్కింది.

చంద్రుడు సగం దాటి, ఇంకా నిండకుండా, తూర్పున బాగా పైకి వచ్చి ఉన్నాడు. పల్లాలు చూడటానికి పున్నమి కన్నా ఇటువంటి రోజే మేలు. వెలుగు చీకటి కలిసే చోట ఎండ ఏటవాలుగా పడి, అంచుల నీడలు పొడుగ్గా కనపడతాయి.

"ఏం సూడాలె? సిన్నప్పటి సంది సూస్తనే ఉన్న," అంది అమ్మ. ముందు ఆమెకు పక్కింటి నీళ్ళ ట్యాంకు దొరికింది. మూత పగిలిందని కనిపెట్టి వాళ్ళకు చెప్పాలంది. తరువాత కేబుల్ వైరు దొరికింది. ఆఖరుకు చంద్రుడు దొరికాడు. ఆమె కదలడం ఆగిపోయింది.

"అబ్బో," అంది. కాసేపటికి, "అంబలి ఉడుకుతున్నట్టుంది గదనే. బుడగలు బుడగలు."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఎందుకంటే గొప్ప గొప్ప పండితులు కూడా చాలాకాలం అట్లాగే అనుకున్నారు. లోపలి వేడికి బుడగలా ఉబ్బి పగిలితే ఏర్పడ్డాయని కొందరు, అగ్నిపర్వతాల నోళ్ళని కొందరు. బయటినుంచి రాళ్ళు వచ్చి పడ్డాయంటే నవ్వినవాళ్ళున్నారు. ఆ తగాదా తీరడానికి మనుషులు చంద్రుడి మీదికి పోయి రాళ్ళు ఏరుకు రావలసి వచ్చింది. ఇదంతా అమ్మకు గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"లోపలికెల్లి అయినయి కావమ్మా, పైకెల్లి రాళ్ళు వడ్డయి."

"గంత పెద్ద రాళ్ళా? ఎవలు ఇసిరిన్రు?"

"ఎవలు ఇసరలే. అవే తిరుక్కుంట తిరుక్కుంట వచ్చి గుద్దినయి."

"రాళ్ళు వంకరటింకరుంటయి గదా. మరి గివి గింత గుండ్రగెందుకున్నయి?"

ఎంత చక్కటి ప్రశ్న! నేను చేతులు తిప్పుతూ, ఒళ్ళు మరిచిపోయి, "రాయి ఎట్లన్న ఉండనీ, ఎటు సందన్న రానీ, గంత జోరుల గుద్దితే బాంబు లెక్క పేలుతదమ్మా. పేలితే ఇగ గుండ్రటి బొందనే వడ్తది," అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. అమ్మ బైనాక్యులర్ దించింది. నా చేతిలో పెట్టింది. "పొయ్యి మీద పప్పున్నది," అని మెట్లు దిగి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదు, ఆ పూట మేము పచ్చిపులుసు చేసుకున్నాం. నేను డాబా మీద ఒక్కదాన్నే నిలబడి నా నోటిని నేనే తిట్టుకున్నాను.

ఆ వారమంతా అమ్మ మామూలుగానే ఉంది. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. శనివారం సాయంత్రం ఇద్దరం బొందలగడ్డకు పోయాం. ఈస్టర్ తెల్లవారుజామున మా సంఘమంతా అక్కడికే వచ్చి, సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. అందుకని ముందురోజే ఎవరి సమాధి వాళ్ళు కడిగి సున్నం వేసుకుంటారు. సున్నం బకెట్టు నేను పట్టుకున్నాను, బ్రష్షు అమ్మ పట్టుకుంది. నాయిన సమాధికి చుట్టూ సిమెంటు గట్టు, నడుమ మన్ను. ఏటా వానలకు ఆ మన్ను కొంచెం కుంగుతుంది. అమ్మ ఏటా ఒక సంచి మన్ను తెచ్చి పోస్తుంది.

మన్ను పోసి, అరచేత్తో సాపు చేస్తూ, నా వైపు చూడకుండా అడిగింది. "గా పైనయి పూడవా?"

ఆమె అడుగుతున్నది వేటి గురించో నాకు వెంటనే అర్థమైంది. వారం రోజులుగా ఆమె మనసులో అవే తిరుగుతున్నాయన్నమాట. నేను బకెట్టు కింద పెట్టాను.

"పూడవమ్మా. ఆడ వాన లేదు, గాలి లేదు. ఇంకో రాయి వచ్చి మీద వడ్తె తప్ప ఎన్నటియి గట్లనే ఉంటయి."

"మరి మనకాడ వడలేదా రాళ్ళు?"

"మస్తు వడ్డయి. కానీ మన నేల ఊకోదు గదా. వాన కడుగుతది, మన్ను నిండుతది, గడ్డి మొలుస్తది. మన హైద్రాబాద్ బండలు శానా శానా పాతయి. వాటి మీద వడ్డయన్నీ ఎప్పుడో అరిగి సాపయినయి. మహారాష్ట్రల లోణార్ కాడ ఒకటి మిగిలింది. దాంట్ల చెరువైంది."

"పూడుడే మంచిది," అంది అమ్మ. మన్ను ఇంకొంచెం ఒత్తింది. "గవిటికి పేర్లుంటయా?"

"కొన్నిటికుంటయి. పెద్ద సదువులు సదివినోళ్ళ పేర్లు వెడ్తరు. అది గూడ పోయినోళ్ళయే. బతికున్నోళ్ళ పేర్లు మామూలుగ పెట్టరు."

అమ్మ చెయ్యి ఆగింది. ఈసారి నా మొహంలోకి చూసింది. "పోయినోళ్ళ పేర్లేనా?"

"ఆ."

ఆమె చెంప మీద సున్నం చుక్క ఉంది. "అయితే బొందలే మరి," అంది. "నువ్వన్నది నిజమే."

నాయిన పోయినప్పటి నుంచి ఆమె నోట నేను వినని మాట అది. ఆమె మాత్రం లెక్కల్లో పడిపోయింది. "మీ నాయిన పేరు వెట్టరా?" అని అడిగింది.

"లేత్ మిషన్ నడిపినోళ్ళకు పెట్టరమ్మా."

"పెట్టకుంటే పాయె. పేరు లేనియి ఉంటయా?"

"లక్షలు లక్షలు."

"గట్లయితే నాకు రెండు సూసి పెట్టు. పక్కపక్కన ఉండాలె. మీ నాయిన మాటిచ్చిండు," అంది. అని, నవ్వింది. నాయిన సమాధి దగ్గర ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. నేనూ నవ్వాను. సోమవారమే చూసిపెడతానని మాటిచ్చాను. పక్కపక్కనే ఉన్నవి చంద్రుడి మీద కావలసినన్ని ఉన్నాయి.

ఈస్టర్ రోజు ఇంకా తెల్లవారకముందే బొందలగడ్డ నిండిపోయింది. ఎక్కడ చూసినా తెల్లచీరలు, బంతిపూలు, కొవ్వొత్తులు. పున్నమి దాటి రెండు మూడు రోజులే అయింది, పడమట వేపచెట్టు పక్కన చంద్రుడు ఇంకా వెలుగుతూనే ఉన్నాడు. ఈస్టర్ ఎప్పుడూ పున్నమి దాటాకే వస్తుంది కాబట్టి ఆ పొద్దున మాకు చంద్రుడు ఉండటం మామూలే. ఇన్నేళ్ళూ నేను తలెత్తి చూడలేదంతే. మేనత్త తమ్ముడి సమాధి దగ్గరికి వచ్చి పూలు పెట్టి, కళ్ళు తుడుచుకుని, ప్రార్థన చేసింది. ఆమెన్ అన్న వెంటనే మా అమ్మ వైపు తిరిగింది.

"ఏమే మరదలా, ఇంతకు నీ బిడ్డ..."

"సంద్రుని మీద బొందలు లెక్కవెడ్తది," అంది అమ్మ.

మేనత్త ఆగిపోయింది. చుట్టూ ఉన్న నలుగురైదుగురు ఆడవాళ్ళు ఇటు తిరిగారు. "ఏంది? ఏమన్నవ్?"

"బొందలు. అగో, గాడ సూడు." అమ్మ కొవ్వొత్తి పట్టుకున్న చేత్తోనే పడమటి వైపు చూపించింది. "గా సంద్రుని నిండ బొందలే. పైకెల్లి రాళ్ళు గుద్దితే అయినయి. ఎక్కువుంటే పాత నేల, తక్కువుంటే కొత్త నేల. గది లెక్కవెట్టి, ఏ నేలకు ఎంత వయసో జెప్తది నా బిడ్డ. మనయి పూడుతయి, గవి పూడవు. గందుకే ఆడికి పోయి సూస్తరు."

నేను ఇన్నేళ్ళుగా నా రిపోర్టుల్లో పేజీలు పేజీలు రాసినా ఇంత సూటిగా ఎన్నడూ రాయలేదు. ఆడవాళ్ళందరూ చంద్రుడి వైపు చూశారు. మేనత్త కూడా చూసింది. ఆమె మొహం చూస్తే అర్థమైనట్టే ఉంది. కానీ అంత తొందరగా ఒప్పుకుంటే మేనత్త ఎందుకవుతుంది? "బొందలు లెక్కవెడ్తే జీతమిస్తరా?" అంది.

ఇక్కడ నా బుద్ధి గడ్డి తిన్నది. చదువుకున్నదాన్ని కదా, సరిచేయాలని తోచింది. "అంటే అత్తా, సరిగ్గ జెప్పాలంటే దాన్ని ఉల్కాబిలం అని..."

"నీ బొంద!" అమ్మ గయ్యిమంది. "నేను జెప్తున్న గదనే! నడుమల నీ బిలం ఏంది?"

అమ్మకు తానేమందో అప్పుడు తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సమాధి వైపు చూసింది, నా వైపు చూసింది. నాకు సంతోషంతో కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. ముందుగా నవ్వింది మేనత్త. పడీ పడీ నవ్వి, తమ్ముడి సమాధి గట్టు పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఏమే, మళ్ళ మొదలువెట్టినవా?"

"ఆ, మొదలువెట్టిన," అంది అమ్మ కొంగు తీసేసి. "నీకేమన్న తక్లీఫా?"

పాస్టరు గారు పాట ఎత్తుకున్నారు. అమ్మ అందరికన్నా గట్టిగా పాడింది, శ్రుతి తప్పి. పాట నడుమ నా కొవ్వొత్తి మైనం ఆమె చీర మీద పడితే పాట ఆపి "నీ బొంద" అని ఇంకోసారి అంది. చిల్లర లేదన్న ఆటో ఆయనను ఒకసారి అంది. ఇంటికి వచ్చి స్టవ్ మీద పెట్టిన పాలు పొంగితే పాలను కూడా అంది. రాత్రి పడుకునే దాకా అన్నీ లెక్కబెట్టాను. బొందలు లెక్కబెట్టడమే కదా నా ఉద్యోగం.